మూడో ఉద్ధరిణె

మతి తప్పిన మనిషి నోట వచ్చే మాట ఎవరిది? ఈ సందేహం అప్పాసామికి పన్నెండేళ్లుగా ఉంది. తల్లి కన్నుమూసే ముందు జ్వరంలో అతని ముఖంలోకి చూసి, "నువ్వెవుడివిరా, నా కొడుకు యాడ?" అంది. ఆ మాట తల్లిదా, జ్వరానిదా? గుడియాత్తం పెరుమాళ్ళ గుడిలో అర్చకుణ్ణి అడిగాడు. భజనకు వచ్చే పెద్దల్ని అడిగాడు. అందరూ ఏదో ఒకటి చెప్పారు గానీ ఎవరి మాటా అతని మనసులో కూచోలేదు. రోజూ తెల్లవారి పటం ముందు దీపం పెట్టి, తులసి తీర్థం ఉద్ధరిణెతో ఇంట్లో అందరి చేతుల్లో పోసి, మగ్గం గుంటలో కాళ్లు పెట్టేవాడు. పోగు లాక్కుంటూ నాడె అటూ ఇటూ పోతుంటే ఆ సందేహమూ దాని వెంటే అటూ ఇటూ పోతుండేది.

పంతొమ్మిది వందల ముప్పై రెండో సంవత్సరం, అరవల పురటాసి నెలలో ఆ సందేహం మళ్లీ అతని ఇంటికే వచ్చి నిలబడింది.

ఆ పొద్దు వీధిలో పడుగు పరిచారు. ఈ చివర గుంజ నుంచి ఆ చివర గుంజ దాకా నలభై మూరల నూలు, నడుమ నడుమ కర్రల మీద సాగదీసి, దాని మీద గంజి పెడుతున్నారు. అప్పాసామి ఒక పక్క, కొడుకు జానకిరామన్ ఇంకో పక్క నిలబడి కుంచెలు దువ్వుతూ ముందుకు జరుగుతున్నారు. ఎండ ముదరకముందే తడి ఆరాలి. ఆలోపల పోగు పోగుకీ అంటకుండా విడదీయాలి. మాటలకు పొద్దు లేదు.

కోడలు కాంచన గంజి కుండ ఎత్తుకుని ఇంట్లోంచి వచ్చింది. అప్పాసామికి ఆమె కోడలే కాదు, లత్తేరిలో ఉన్న చెల్లెలు అలివేలమ్మ కూతురు కూడా. పంతొమ్మిదేళ్ల పిల్ల. గడప దిగుతూనే ఆమె కాలు ఒక పక్కకు ఒరిగింది. కుండ సర్దుకుంది. పడుగు చుట్టూ తిరిగి రావలసింది, తిన్నగా నడిచి వచ్చింది. నూలు మోకాటికి తగలగానే, అదేదో గట్టు అన్నట్టు కాలెత్తి దాటబోయింది. రెండో కాలు చిక్కుకుంది. కుండతో సహా పడుగు మీద పడింది.

పోగులు తెగిన చప్పుడు చిన్నదే గాని వీధి మొత్తం తలలు తిప్పింది.

ఆ వీధిలో పరిచిన పడుగును కుక్క కూడా దాటకుండా తరుముతారు. మనిషి దాటితే, అందులోనూ ఇంటి కోడలు దాటితే, పెద్దలు కూచుని మాట చెప్పేదాకా ఆ ఇంట మగ్గం ఆడకూడదు.

ఎదురింటి అరుగు మీద కులపెద్ద గోవిందస్వామి ఆకు వక్క నములుతున్నాడు. "ఏం తాగించినావప్పా కోడలికి, ఇంత పొద్దున్నే?" అన్నాడు. ఎవరో నవ్వారు.

కాంచన గంజిలో కూచుని తానూ నవ్వింది. "మామా, తెల్లారిందా?" అంది. నాలుక బరువుగా తిరిగింది. సూర్యుడు ఆమె ముఖం మీదే ఉన్నాడు.

అప్పాసామి భార్య పచ్చయమ్మ వచ్చి కోడల్ని చంకల కింద చేతులు వేసి లేపింది. జానకిరామన్ కుంచె పట్టుకుని నేలకేసి చూస్తూ ఉండిపోయాడు.

మధ్యాహ్నం గోవిందస్వామి ఇంటికే వచ్చాడు. మజ్జిగ తాగాడు. లోపలి గదిలో కాంచన కండెలు చుడుతోంది. ఎర్ర నూలు చుట్టాల్సిన చోట నల్లది చుట్టి, అది విప్పి మళ్లీ నల్లదే చుట్టింది.

"చూడు అప్పాసామీ, పిచ్చి అయితే పుట్టింటికి పంపు. తాగుడైతే పుట్టింటికి పంపు. రెండింటికీ దోవ ఒకటే."

"ఆ పిల్ల కల్లు వాసన కూడా ఎరగదన్నా. మూర్ఛ రోగం ఉండాది. వేలూరు డాక్టరమ్మ మందు ఇచ్చినాక మూర్ఛలు నిలిచినాయి."

"మూర్ఛలు నిలిచినాయి సరే, ఇదేంది మరి?"

అప్పాసామి ఖాళీ మజ్జిగ చెంబు అందుకుని పక్కన పెట్టాడు.

"అమావాస్య నాడు ఎట్లాగూ మగ్గాలు ఆడవు. అందరం కూచుంటాం. రోగమైతే ఆ డాక్టరమ్మ చేత ఒక కాయితం రాయించుకోనిరా, కుదిరే రోగమని. లేదంటే మీ జానకిరామన్‌కి మా తమ్ముడి కూతురు ఉండాది. వంట వచ్చు, నోరు ఎక్కువ లేదు."

అతను వెళ్లాక పచ్చయమ్మ అంది. "నేను ఎప్పుడో చెప్పినా. ఇది మందుతో పోయేది కాదు. యాడో తొక్కరానిది తొక్కింది."

"ఊరకుండు," అని అప్పాసామి లేచి కాళ్లు కడుక్కున్నాడు. మధ్యాహ్నపు తీర్థానికి పొద్దయింది.

పటం ముందు చిన్న గాజు సీసాలో మాత్రలు ఉన్నాయి. రాత్రికి ఒకటి అని డాక్టరమ్మ చెప్పింది. మొదటి వారం అట్లాగే ఇచ్చాడు. అయినా ఒకసారి మూర్ఛ వచ్చింది. అప్పుడతనికి తోచింది. మందు ఇచ్చింది డాక్టరమ్మే, కాని రోగం తీసేది పెరుమాళ్ళు. పెరుమాళ్ళ ముందు పెట్టింది తీర్థమే అవుతుంది. తీర్థం ఒక్క ఉద్ధరిణెతో ఎవరైనా పుచ్చుకుంటారా? మూడుసార్లు పోస్తేనే తీర్థం. అప్పటి నుంచి పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, సందెకు ఒకటి నూరి, తులసి నీళ్లలో కలిపి, మంత్రం చెప్పి పోస్తున్నాడు. మూర్ఛ మళ్లీ రాలేదు. సీసా ఖాళీ అయినప్పుడల్లా చీటీ పట్టుకుని మందుల అంగడికి వెళ్లి తెచ్చేవాడు. ఇందులో ఎవరికీ చెప్పవలసింది ఏదైనా ఉందని అతను అనుకోలేదు.

కాంచన దోసిలి పట్టింది. చెయ్యి వణికి సగం నేల మీద పడింది. ఆమె వంగి, నేల మీద పడ్డది వేలితో అద్ది నాలుక మీద వేసుకుంది. తీర్థం కాళ్ల కింద పడకూడదని ఆమెకు నేర్పింది అతనే.

మరునాడు అప్పాసామి, కాంచన రైలెక్కి కాట్పాడిలో దిగారు. అక్కణ్ణుంచి జట్కాలో వేలూరు.

డాక్టరమ్మ ఆరోకియమేరిది కాట్పాడి పక్క తెలుగు కిరస్తానీ కుటుంబం. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. ఆమె బల్ల మీద గీతలు గీసిన పెద్ద నోటుబుక్కు ఒకటి ఎప్పుడూ తెరిచి ఉంటుంది. కాంచన కళ్ల ముందు వేలు అటూ ఇటూ ఆడించింది. గీత మీద నడవమంది. కాంచన మూడడుగులు వేసి గోడ పట్టుకుంది.

"రోజూ మాత్ర ఇస్తా ఉండారా పెద్దాయనా?"

"ఒక్క దినం తప్పలేదు డాక్టరమ్మా. నా చేత్తోనే."

ఆమె రాసుకుంది. తర్వాత కుర్చీ కాంచన దగ్గరికి జరుపుకుంది.

"పేరేందమ్మా?"

"కాంచన."

"ఏ ఊరు?"

కాంచన ఆలోచించింది. "మగ్గం."

"ఈ పొద్దు ఏ వారం?"

"ఎరుపు."

"ఇరవై నుంచి వెనక్కి లెక్క పెట్టు, చూస్తాం."

"ఇరవై, పంతొమ్మిది, ఎరుపు, నలుపు, ఎరుపు..." అక్కడ ఆగి మామ వైపు చూసింది. "కండె అయిపోయింది మామా."

అప్పాసామి తల తిప్పుకున్నాడు. పేరు చెప్పింది కాంచనే. మరి ఎరుపు అన్నది ఎవరు?

"చిన్నప్పటిది ఏదైనా ఒకటి చెప్పు. నీకు బాగా గుర్తున్నది."

కాంచన చాలాసేపు చూసింది. నోరు తెరిచింది. ఏమీ చెప్పలేదు.

డాక్టరమ్మ ఐదు గడుల్లో ఐదు గుర్తులు పెట్టింది. "ఈ మందు కొత్తది," అంది. "బార్బిట్యూరేట్ అని ఒక జాతి. మూర్ఛలకు దీనంత మంచిది ఇంతవరకు రాలేదు. కాని కొందరికి మతి కలత పెడతాది. తూలతారు, మాట ముద్దగా వస్తాది, దినం వారం తెలియదు. ఎవరికి పెడతాది, ఎందుకు పెడతాది అని రాసుకుంటా ఉండా. ఈ పిల్లతో పన్నెండు మంది. వారం పైన ఇక్కడే పెట్టుకోవాల. మాత్ర మా నర్సులే ఇస్తారు. మీరేమీ ఇయ్యకండి."

"తీర్థం?"

ఆమె కలానికి మూత పెట్టింది. "ఉత్త నీళ్లే గదా. ఇయ్యండి."

ఆడవాళ్ల వార్డులో మగవాళ్లను పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట రానిచ్చేవాళ్లు. తక్కిన వేళ అప్పాసామి వరండాలో స్తంభానికి ఆనుకుని కూచునేవాడు. నేతగాడికి చేతులు ఖాళీగా ఉండటం అలవాటు లేదు. పంచె అంచు పోగులు లాగి ముళ్లు వేసేవాడు, విప్పేవాడు. ఆ రెండు వేళలా లోపలికి పోయి చెంబులోని నీళ్లు మూడు ఉద్ధరిణెలు పోసేవాడు. మాత్ర లేని తీర్థం పోస్తుంటే పిల్లను మోసం చేస్తున్నట్టుండేది. రాత్రిపూట నర్సు ఒక్క మాత్రే ఇస్తోందని పక్క మంచం ముసలమ్మ చెప్పినప్పుడు అతనికి మరీ దిగులు వేసింది. ఒక్కటి ఏం చాలుతుంది?

మూడో రోజు పొద్దున కాంచనకు మూర్ఛ వచ్చింది. పెద్దది కాదు. సాయంత్రం మంచం దగ్గర నిలబడినప్పుడు అతని చెయ్యి మొలలోని మడతను తడిమింది. ఇంటి నుంచి తెచ్చిన సీసా అందులోనే ఉంది. రెండు మాత్రలు. రెండు వేస్తే మూడవుతాయి, లెక్క సరిపోతుంది. డాక్టరమ్మ వద్దంది. పెరుమాళ్ళు ఏమన్నాడో తెలియదు. ఉద్ధరిణె పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కాంచన దోసిలి పట్టి కాచుకుని ఉంది. ఆమె దోసిలి ఆ రోజు వణకడం లేదు. అది చూసి ఎందుకో భయపడి, ఉత్త నీళ్లే పోసి బయటికి వచ్చేశాడు.

ఐదో రోజు ఆమె గీత మీద గోడ పట్టకుండా నడిచింది. ఏడో రోజు పొద్దున అతను లోపలికి పోగానే, "మామా, రేపటికి గడ్డం గీయించుకో. సన్నాసి మాదిరి ఉండావు," అంది. పక్క మంచం ముసలమ్మ పకపకా నవ్వింది. అప్పాసామి గడ్డం తడుముకున్నాడు. ఈ గొంతు అతనికి తెలుసు.

ఆ రోజే డాక్టరమ్మ అతణ్ణి గదిలోకి పిలిచింది.

"కూచోండి. రెండు సంగతులు అడగాల మిమ్మల్ని. ఒకటి. దినమూ ఐదు ప్రశ్నలు అడగతా ఉండా గదా. ఊరు చెప్పింది, వారం చెప్పింది, ఇరవై నుంచి ఒకటి దాకా తప్పులేకుండా చెప్పింది. చిన్నప్పటిది చెప్పమంటే ఈ పొద్దు ఒకటి చెప్పింది. నిజమో, మతి కల్పించుకున్నదో నాకెట్ల తెలుస్తాది? మీ పేరే చెప్పింది."

"ఏం చెప్పిందమ్మా?"

ఆమె నోటుబుక్కు చూసి చదివింది. "తనకి తొమ్మిదేళ్లప్పుడు మీ ఇంటికి వచ్చిందంట. మీ భార్య మంచాన పడి ఉంటే మీ మగ్గానికి కండెలు తనే చుట్టిందంట. నూరు కండెలు చుడితే మగ్గం మీద కూచోబెట్టి జానెడు గుడ్డ నేయిస్తానని మీరు మాట ఇచ్చినారంట. నూరూ చుట్టిందంట. మీరు నేయించలేదంట."

అప్పాసామికి పదేళ్ల కిందటిది గుర్తొచ్చింది. నూరో కండె తెచ్చి ఇచ్చి ఆ పిల్ల మగ్గం పక్కన నిలబడిన తీరు, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, అంతా ఒక్కసారిగా కనపడింది. ఆడపిల్ల మగ్గం ఎక్కడం వాడుక లేదని, రేపు చూద్దాం పో అన్నాడు. ఆ మాట ఇంకెవరూ వినలేదు. కాదు, అట్లాంటిదేమీ లేదు అని తాను ఇప్పుడు అంటే కాదనేవాళ్లు లేరు.

"నిజమేనమ్మా," అన్నాడు. "నూరు కాదు, నూటా నాలుగు."

డాక్టరమ్మ గుర్తు పెట్టింది. కాని ఆమె ముఖం తేటపడలేదు. "రెండోది. నాకు అంతు చిక్కడం లేదు పెద్దాయనా. ఇంట్లో రాత్రికి ఒక మాత్ర. మతి లేదు. ఇక్కడ రాత్రికి అదే ఒక మాత్ర. మతి వచ్చింది. అప్పుడు మందుది తప్పు కాదనాల. మెదడులోనే ఏదో ఉండాది, వస్తాది, పోతాది, మళ్లీ వస్తాది. అట్లనే రాయాల్సి వస్తాది నేను. మీ పెద్దలకి కాయితం కావాలన్నారే, దాంట్లోనూ అదే రాయాల. కుదిరిపోతాదని రాయలేను."

వరండాలో ఎవరో బకెట్టు ఈడ్చుకుంటూ పోయారు. అప్పాసామి ఆ చప్పుడు అయిపోయేదాకా ఆగాడు.

"ఒకటి కాదమ్మా," అన్నాడు.

"ఏంది?"

"ఇంట్లో ఒకటి కాదు. మూడు." మూడు వేళ్లు చూపించాడు. "మూడు పొద్దులా. తీర్థంలో."

ఆమె కలం కింద పెట్టింది. అతను చెప్పుకుంటూ పోయాడు. పటం, ఉద్ధరిణె, మూర్ఛ నిలిచిన సంగతి, అంగడి చీటీ, అన్నీ. మొలలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె కేకలేస్తుందని కాచుకున్నాడు.

ఆమె సీసా తిప్పి చూసింది. "ఈ మందు ఒక రాత్రితో ఒంట్లోంచి పోదు," అంది మెల్లగా. "నిన్నటిది ఉండగానే ఈ పొద్దుది దాని మీద చేరతాది. మీరు మూడు లెక్కన చేర్చుకుంటా పోయినారు. ఆ పిల్ల కల్లు తాగినట్టు తూలిందంటే వింత లేదు. ఇంకొన్నాళ్లు అట్లనే పోయి ఉంటే నిద్ర లేచేది కాదు."

అప్పాసామి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాదీ తప్పుండాది. ఇస్తా ఉండారా అని అడిగినా. ఎన్ని అని అడగలేదు. ఈ పన్నెండు మందిలో ఒక్కరినీ అడగలేదు." ఆమె రూళ్లకర్ర తీసుకుని నోటుబుక్కులో పేజీ పొడుగునా ఇంకొక గీత గీసింది. ఆ కొత్త గడిలో కాంచన పేరుకు ఎదురుగా మూడు అని వేసింది. మిగిలిన పదకొండు గడులు ఖాళీగా ఉన్నాయి. వాటికేసి చూస్తూ కూచుంది.

"అమ్మా," అన్నాడు అతను. "నేను పెరుమాళ్ళ పేరు చెప్పే పోసినా. విషమైపోయినప్పుడు ఆయన ఏల ఆపలేదు? మతి లేనప్పుడు ఆ పిల్ల మాట్లాడింది ఎవరు?"

"నాకు తెల్దు పెద్దాయనా. నేను మాత్రల లెక్క మాత్రమే రాస్తా," అంది. ఆ తర్వాత కాయితం తీసుకుంది. "మాత్రలు ఎక్కువైనాయి, అందుకే మతి కలత, ఇప్పుడు కుదిరింది అని రాస్తా. ఎవరు ఎక్కువ ఇచ్చినారో రాయను. అది నా పని కాదు."

అమావాస్య నాడు గోవిందస్వామి అరుగు మీద ఏడెనిమిది మంది పెద్దలు కూచున్నారు. వీధిలో ఏ ఇంట్లోనూ మగ్గం చప్పుడు లేదు. కాయితం అరవంలో ఉంది. జానకిరామన్ చదివి తెలుగులో చెప్పాడు.

గోవిందస్వామి ఆకు వక్క పక్కకు నెట్టాడు. "మాత్రలు ఎక్కువైనాయి. సరి. ఎవరు మింగమన్నారు? మత్తు రుచి మరిగి తానే మింగి ఉంటాది. తాగుడు కాకపోతే అదేంది మరి? నేను ఆ దినమే చెప్పినా."

పెద్దలు తలలు ఊపారు. ఎదురుగా తమ ఇంటి గడప లోపల కాంచన నిలబడి ఉంది. ఆమెకు ఆ నెల రోజులు గుర్తే లేవు. తానే మింగానేమో అన్నట్టు అత్త వైపు చూసింది. పచ్చయమ్మ కూడా అట్లాగే చూసింది.

అప్పాసామి అరుగు మీద నుంచి కిందికి దిగాడు. పడుగు పరిచే చోట, వీధి నడుమ నిలబడ్డాడు.

"మింగించింది నేను," అన్నాడు. "ఒకటి ఇమ్మంటే మూడు ఇచ్చినా. దేవుడి తీర్థంలో కలిపి ఇచ్చినా. ఆ పిల్ల దోసిలి పట్టింది, అంతే. పడుగు దాటింది దాని కాలు, దాటించింది నేను. ఏం చెయ్యాలో నాకు చెప్పండి."

గోవిందస్వామి గొంతు సవరించుకున్నాడు. "అట్లయితే నిన్నే పుట్టింటికి పంపాల్నా ఇప్పుడు?"

"మా అమ్మ లేదన్నా పోయేదానికి."

చివర కూచున్న ముసలి పెద్ద ఒకతను నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గుతో బిగువు సడలింది. తెగిన పోగులన్నీ అప్పాసామి ఒక్కడే ముళ్లు వేయాలని, మంచినీళ్లు చల్లి పడుగు ఎత్తుకోవాలని చెప్పారు. తమ్ముడి కూతురి ఊసు గోవిందస్వామి మళ్లీ ఎత్తలేదు. ఎత్తకుండానే లేచి లోపలికి పోయాడు.

ఇంట్లో కాంచన పటం ముందు నిలబడి ఉంది. డాక్టరమ్మ తిరిగి ఇచ్చిన సీసా ఆమె చేతిలో ఉంది.

"మామా, ఇది నా దగ్గరే పెట్టుకుంటా. రాత్రికి ఒకటి. నేనే వేసుకుంటా."

"సరేమ్మా."

"తీర్థం నువ్వే ఇయ్యి."

అతను తల ఊపాడు. ఆమె ముఖంలోకి చూడటానికి చాలాసేపు పట్టింది.

ముళ్లకు రెండు రోజులు పట్టింది. మూడో రోజు పొద్దున పడుగు మగ్గానికి ఎక్కించాక, అప్పాసామి గుంటలోకి దిగబోయి ఆగాడు. కూచునే పలక తుడిచాడు. "కాంచనా, ఇట్లా రా," అన్నాడు. "కూచో."

ఆమెకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. చేతులు వెనక్కి కట్టుకుని అట్లాగే నిలబడింది.

పక్క మగ్గం మీది నుంచి జానకిరామన్ అన్నాడు. "నాయనా, పడుగు పాడవతాది. వీధిలో వాళ్లు ఏమంటారు?"

"అననీరా. నువ్వు నాడె ఆపద్దు."

కాంచన కొంగు బిగించి గుంటలోకి కాళ్లు పెట్టింది. మొదటి దెబ్బకు నాడె సగం దోవలో ఆగింది. రెండో దెబ్బకు అవతలికి పోయి కింద పడింది. పచ్చయమ్మ తీసి ఇచ్చింది, ఏమీ అనకుండా. అప్పాసామి రాట్నం దగ్గర కూచుని కండెలు చుట్టసాగాడు. పద్దెనిమిది దెబ్బలకు ఒక వరుస కుదిరింది. నేత వదులుగా ఉంది, అంచు వంకరగా పోతోంది. చెప్పాలని నాలుక చివరి దాకా వచ్చింది. కండె తిప్పుతూ ఊరుకున్నాడు.

ఎండ గడపలోకి వచ్చే వేళకు ఆమె చెయ్యి ఆపింది. తన జాన పెట్టి కొలిచి, నొసలు తుడుచుకుంది.

"అయిపోయింది గదా, దిగు," అంది పచ్చయమ్మ.

"లేదత్తా. మాట ఇచ్చినప్పుడు మామ తన జాన చూపించినాడు. ఇది నా జాన."

అప్పాసామి లేచి వచ్చాడు. ఆ వంకర అంచు పక్కన తన చెయ్యి చాచి పెట్టాడు. బొటనవేలు ఒక కొసన ఆనింది. చిటికెన వేలు నేసిన గుడ్డ దాటి ఉత్త పోగుల మీదికి పోయింది.

"ఇంకా రెండు వేళ్లు ఉండాది," అన్నాడు. వెళ్లి రాట్నం ముందు కూచుని, ఎర్ర నూలు అందుకుని, ఇంకొక కండె చుట్టడం మొదలుపెట్టాడు.